ఈ-3 రోడ్డుకు పేరు పెట్టే ముందు: రాజధాని పెద్దలకు పాత అమరావతి నుంచి ఒక బహిరంగ లేఖ

రాజధాని అమరావతిలో రోడ్లకూ కూడళ్లకూ పేటలకూ పేర్లు ఖరారు చేసే పెద్దలందరికీ,

నమస్కారం.

నేను అమరావతి నుంచి రాస్తున్నాను. చిక్కంతా ఈ వాక్యం దగ్గరే మొదలవుతుంది. మీరు అనుకునే అమరావతి కాదు. సచివాలయం, హైకోర్టు ఉన్నచోటు కాదు. అమరలింగేశ్వరస్వామి గుడి, దాని కింద కృష్ణ రేవు, కొంచెం అవతల మహాచైత్యం అనే పాత బౌద్ధస్తూపం దిబ్బ, నూట పాతిక అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం ఉన్న అమరావతి. ఇక్కడ మాకో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. మా నాన్న కాలంలో ట్రెడిల్ మిషన్, అరల్లో సీసపు అక్షరాలు. ఇప్పుడు కంప్యూటరు, ఫ్లెక్సీ. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు వేస్తుంటాను. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఊరి పేరు తప్పు పడకుండా చూసుకోవడం నా పని.

అలాంటి నా చేతుల మీదుగానే ఒక తప్పు జరిగింది. 2023లో మా ఊరి అమ్మాయి పెళ్లికి శుభలేఖలు వేశాను. పెళ్లికొడుకుది కరీంనగర్ వైపు. కల్యాణమండపం పేరు, కింద 'అమరావతి' అని అచ్చువేశాను. ముప్పై ఏళ్లుగా అలాగే వేస్తున్నాను కదా. మగపెళ్లివారి బస్సు డ్రైవరు ఫోన్లో 'అమరావతి' అని కొట్టి, అది చూపించిన దారిన వెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకి వెలగపూడి దగ్గర తేలాడు. పెద్ద పెద్ద రోడ్లు, చుట్టూ చీకటి, మండపం లేదు, మేళం లేదు. అక్కడెవరో తుళ్లూరు మీదుగా దారి చెప్పి పంపితే, ముహూర్తానికి పదిహేను నిమిషాల ముందు వచ్చి పడ్డారు. మర్నాడు పెళ్లికూతురి తండ్రి షాపుకొచ్చాడు. తిట్టలేదు. "ఒక బ్రాకెట్ పెట్టలేకపోయావా అన్నయ్యా" అన్నాడు, అంతే. అప్పట్నుంచి ప్రతి కార్డు మీదా బ్రాకెట్ పెడుతున్నాను: (పాత అమరావతి, గుడి ఉన్న ఊరు). సొంత ఊరి పేరు పక్కన ఇది ఫలానా ఊరు సుమా అని రాసుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. ఇంటి పెద్దకొడుకుని 'పాత కొడుకు' అన్నట్టుంటుంది.

పేరు వెనక్కి ఇవ్వమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. 2015లో రాజధానికి అమరావతి అని పేరు ఖాయమైనప్పుడు మా బజార్లో స్వీట్లు పంచితే నేనూ తిన్నాను. తిని అరిగించుకున్నది ఎలా వెనక్కి అడుగుతాను? నేను అడిగేది వేరు: రాజధాని రోడ్లకు ఈ-3 లాంటి నంబర్లు కాక, అక్కడి ఊళ్ల పేర్లే పెట్టమని. దానికి ముందు ఈ పేరు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మీ మీటింగుల్లో ఈ సంగతి 'ఇంద్రుడి రాజధాని' అన్న రెండు మాటలతో అయిపోతోందని నా అనుమానం.

ముందు అక్షరం దగ్గర మొదలుపెడతాను, ప్రూఫులు దిద్దేవాణ్ణి కాబట్టి. నెలకొకరైనా నా దగ్గరికి 'అమరవతి' అని రాసుకొస్తారు. రా కి దీర్ఘం పెట్టి దిద్దుతాను. "అమర, వతి కలిస్తే అమరవతే కదా సార్, దీర్ఘం ఎందుకు" అని ఒక డిగ్రీ కుర్రాడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు పాణిని దగ్గర ఉంది. రెండు కంటే ఎక్కువ అచ్చులున్న మాటకు 'వతి' చేరి అది ఒక పేరుగా నిలబడితే ముందున్న అచ్చు దీర్ఘమవుతుందని ఆయన సూత్రం. ఆ సూత్రానికి పాత వ్యాఖ్యానాల్లో ఇచ్చే ఉదాహరణల్లో ఉదుంబరావతి, పుష్కరావతి, వాటితోపాటు అమరావతి. అంటే ఆ దీర్ఘం అలంకారానికి పెట్టింది కాదు. అమరులు ఉన్న ఏదో ఒక చోటు అని కాక, ఆ పేరుగల ఊరు అని చెప్పే గుర్తు అది. ఒక దీర్ఘం తీసేస్తే ఊరు పోతుంది. ఆ కుర్రాడికి ఇది నచ్చింది. ఆ తర్వాత కూడా తప్పే రాశాడనుకోండి, అది వేరే విషయం.

అమరులు అంటే చావులేనివారు, దేవతలు. వాళ్లుండే చోటు అమరావతి. ఇంద్రుడి పట్నం. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ పురాణాల్లో ఆ అమరావతి ఎన్నిసార్లు చేయి మారిందో ఒకసారి లెక్కపెట్టండి. బలి చక్రవర్తి పట్టుకున్నాడు, మహిషాసురుడు పట్టుకున్నాడు, తారకాసురుడు దేవతలను ఆ గడ్డ మీంచి తరిమేశాడు. ఇంద్రుడు ప్రతిసారీ ఎక్కడో దాక్కుని మళ్లీ వచ్చి కూర్చునేవాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట బయటికొచ్చిన దగ్గర్నుంచి 2024 దాకా ఇక్కడ నడిచిన కథ చూసినవాళ్లు, పేరు పెట్టేటప్పుడు పురాణం మొత్తం చదివి పెట్టాల్సింది అని నవ్వుకునేవాళ్లు. ఆ రోజుల్లో ధర్నా కరపత్రాలు నేనే వేశాను, ఎదుటివాళ్ల కరపత్రాలూ నేనే వేశాను. ప్రెస్సుకు పక్షం ఉండదు, బాకీలే ఉంటాయి.

అసలు మా ఊరికి ఈ పేరు ఇంద్రుడి నుంచి నేరుగా రాలేదు. అమరేశ్వరుడి నుంచి వచ్చింది. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలైతే ఒక ముక్కను ఇంద్రుడు ఇక్కడ ప్రతిష్ఠించాడని స్థలపురాణం. మిగతా నాలుగూ ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు. ఆ పంచారామాల్లో మాది అమరారామం. అమరేశ్వరుడి పేరు మీద వెలసిన ఊరు అమరావతి. బాగానే ఉంది. కానీ ఆ దేవుడు అక్కడ ఉన్నా, వందల ఏళ్లపాటు జనం ఆ చోటును అమరావతి అని పిలవలేదు.

మా గుడిలో ఒక స్తంభం మీద 1182 నాటి శాసనం ఉంది. కోట వంశపు కేతరాజుది. దాంట్లో నగరం పేరు శ్రీధాన్యకటకం. ఆ నగరం దేవతల నగరాన్ని మించినదట. అక్కడ శంభుడు అమరేశ్వరుడు ఉన్నాడు, ఆయనకు దగ్గర్లోనే బుద్ధదేవుడు ఉన్నాడు, చిత్రవిచిత్రమైన శిల్పాలతో ఎత్తైన చైత్యం ఉంది అని రాయించాడు. శివుడి గుడి స్తంభం మీద బుద్ధుడి చైత్యం గురించి ఇంత ప్రేమగా రాయించిన రాజుకు ఒక దండం. గమనించారా, దేవతల నగరం అంటే అమరావతి. మా ఊరు అమరావతిని మించిందని అన్నాడే తప్ప మా ఊరే అమరావతి అనలేదు. పోలికకు తెచ్చుకున్న పేరు తర్వాత ఊరికే అతుక్కుంది.

మరి ధాన్యకటకం అంటే ఏమిటి? ఇది నాకు ఒక టిబెటన్ భిక్షువు చెప్పేదాకా సరిగ్గా తెలియదు. 2006 జనవరిలో దలైలామా వచ్చి ఇక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్షా క్రతువు చేశారు. ఊరంతా మెరూన్ రంగు బట్టలే. టీకొట్ల దగ్గర చక్కెర లేని వెన్న టీ అడిగేవాళ్లు, మావాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. కర్ణాటకలోని ముండ్‌గోడ్ నుంచి వచ్చిన ఒక భిక్షువు ఏవో చీటీలు అచ్చువేయించుకోవడానికి నా షాపుకొచ్చాడు. వచ్చీరాని హిందీలో ఇద్దరం మాట్లాడుకున్నాం. "నేను మీ ఊరివాణ్ణే" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ల మఠం పేరు డ్రెపుంగ్. 1416లో లాసా దగ్గర కట్టిన పెద్ద మఠం, ఇప్పుడు ముండ్‌గోడ్‌లో మళ్లీ నెలకొల్పుకున్నారు. ఆ మాటకు వాళ్ల భాషలో బియ్యపు రాశి అని అర్థమట. ఎక్కడిదీ పేరు అంటే, ధాన్యకటకాన్ని టిబెటన్‌లోకి మార్చి పెట్టుకున్నది. బుద్ధుడు కాలచక్రం బోధించింది ఈ ధాన్యకటకంలోనే అని వాళ్ల నమ్మకం. హిమాలయాల అవతల మంచులో, వరి మొక్క మొలవని చోట, వేలమంది భిక్షువులు ఆరువందల ఏళ్లుగా కృష్ణ ఒడ్డు వడ్లరాశి పేరు మోస్తున్నారు. మేమేమో ఆ పేరు మర్చిపోయి కూర్చున్నాం. ఆ రోజు ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు. మా ఆవిడ దానికి ఇప్పటికీ సాధిస్తుంది.

ధాన్యం సరే, కటకం అంటే రాజు విడిది, సేన దిగిన చోటు, అలా రాజధాని. ఒడిశాలో కటక్ ఉంది చూడండి, అదే మాట. భువనేశ్వర్ కట్టేదాకా అదే ఒడిశా రాజధాని. అంటే మా ఊరి పాత పేరులోనే రాజధాని ఉంది, పంట కూడా ఉంది. మాగాణి భూములు వేల ఎకరాలు సమీకరించి కట్టే రాజధానికి ఇంతకంటే నిజమైన పేరు మీరు వెతికినా దొరికేది కాదు. ఇప్పుడు అనుకుని లాభం లేదు లెండి.

ఇంకా వెనక్కి వెళితే ఆ పేరు ధంఞకడ. ప్రాకృతం. ఈ ఞ అక్షరం కీబోర్డు మీద ఎక్కడుందో వెతకడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది, బళ్లో దిద్దిన తర్వాత మళ్లీ దీంతో పని పడలేదు. నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన రాగిరేకుల్లో ఈ పేరు ఉంది. నాలుగో శతాబ్దం తొలినాళ్లవి. కంచి నుంచి పల్లవ యువరాజు శివస్కందవర్మ, ధంఞకడలోని తన అధికారికి పంపిన ఆజ్ఞ అది. ఆంధ్రాపథంలోని విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు ఇచ్చాం, చూసుకో అని. ఆ అధికారి పేరు రాయలేదు, ఊరి పేరు రాశారు. ఇప్పుడు నేను మీకు రాస్తున్నదీ అలాంటిదే. కాకపోతే ఆయన పైనుంచి కిందికి రాశాడు, నేను కింది నుంచి పైకి రాస్తున్నాను.

ధంఞకడ, ధాన్యకటకం జనం నోట్లో నలిగి ధరణికోట అయింది. మా ఊరికి ఆనుకుని ఇప్పటికీ ఉంది. ధరణి అంటే భూమి కాబట్టి భూమ్మీద కోట అని అర్థం చెప్పేవాళ్లున్నారు. అర్థం తెలియకుండా పోయిన పేరుకు జనం కొత్త అర్థం కుట్టుకుంటారు, చిరిగిన చొక్కాకు మాసికలాగా. తప్పేం లేదు. 1344లో శ్రీలంక గడలాదెనియ రాతి మీద ధర్మకీర్తి అనే పెద్ద బౌద్ధభిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల విహారాన్ని బాగుచేయించాడని చెక్కారు. అంటే పద్నాలుగో శతాబ్దంలో కూడా సముద్రం దాటిన దేశంలో ఆ పేరే నడుస్తోంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచి, మా అమరేశ్వరుడి దగ్గరికి వచ్చి తులాపురుష దానం చేశాడు. తిరుమలదేవి, చిన్నాదేవి కూడా వచ్చారు. బంగారం తూచిన సంగతి మావాళ్లు నిన్న జరిగినట్టు చెబుతారు.

ఇక అమరావతి అన్న పట్నం కథ. నేను మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఇక్కడుంది.

చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790ల చివర తన రాజధానిని చింతపల్లి నుంచి అమరేశ్వరుడి గుడి పక్కకు మార్చాడు. ఎందుకు మార్చాడు అంటే కుంపిణీ వాళ్లతో పడక అని కొందరు, చెంచులను చంపించిన పాపం కడుక్కోవడానికి శివుడి దగ్గరికి చేరాడని కొందరు చెప్పుకుంటారు. పెద్ద దాత. మంగళగిరి గాలిగోపురం ఆయన కట్టించిందే. బ్రాహ్మణులను, షావుకార్లను, పనివాళ్లను పిలిచి ఇళ్ల స్థలాలిచ్చి కొత్త పట్నం లేపాడు. రాజధాని మార్చడం, కొత్తగా పట్నం కట్టడం, దానికి అమరావతి పేరు నిలవడం. ఇదంతా ఇక్కడ ఒకసారి అయిపోయింది.

పట్నం కట్టాలంటే రాయి కావాలి. పక్కనే ఒక దిబ్బ ఉంది. జనం దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. తవ్వితే తెల్లటి సున్నపురాతి పలకలు, ఇటుకలు. నిధి ఉంటుందని కొందరు తవ్వారు, మెట్లకూ గోడలకూ పనికొస్తాయని కొందరు తవ్వారు. అది బుద్ధుడి మహాచైత్యం అని తవ్వేవాళ్లకు తెలియదు. ఆ వార్త విని కుంపిణీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ ఆ దశాబ్దం చివర్లోనే వచ్చి చూశాడు. మళ్లీ 1816లో తిరిగొచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వించి ఉంది. ఉన్నవాటికి బొమ్మలు గీయించుకుని వెళ్లాడు. ఇవాళ మనకు ఆ చైత్యం ఎలా ఉండేదో కొంతైనా తెలుస్తోందంటే ఆ బొమ్మల పుణ్యమే. 1845లో కుంపిణీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి 1859లో లండన్ వెళ్లాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. మా ఊరి మ్యూజియంలో మిగిలినవి ఉన్నాయి.

'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అంటారు. మా విషయంలో అది సామెత కాదు, అడ్రసు.

వెంకటాద్రి నాయుణ్ణి నేను తప్పుపట్టను. ఆయనకు అది రాయి, అంతే. కొత్త ఊరు కట్టే తొందరలో ఉన్నవాడికి పాతది కంటికి ముడిసరుకుగానే కనిపిస్తుంది. ఆయన పోగొట్టినవి రాళ్లు. మీ చేతిలో ఇప్పుడు ఉన్నవి పేర్లు.

రాజధాని నగరం పరిధి 217 చదరపు కిలోమీటర్లు, అందులో 29 ఊళ్లు. ఆ ఊళ్ల మధ్యలో పడిన రోడ్లకు మీ ప్లానులో ఉన్న పేర్లు ఈ-3, ఈ-5, ఎన్-9. తూర్పు పడమరలుగా వెళ్లేవి ఈ, ఉత్తర దక్షిణాలుగా వెళ్లేవి ఎన్. ఇంజినీర్లకు కావాలి, కాదనను. నా షాపులో కూడా కాగితం రిమ్ములకు నంబర్లుంటాయి. కానీ నంబరు పేరుగా మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు. విజయవాడ నుంచి వచ్చే కుర్రాళ్లు అప్పుడే "ఈ-త్రీ మీద కలుద్దాం" అంటున్నారు. ఇక నగరాన్ని తొమ్మిది భాగాలు చేసి పెట్టిన పేర్లు చూడండి: గవర్నమెంట్ సిటీ, జస్టిస్ సిటీ, ఫైనాన్స్ సిటీ, నాలెడ్జ్ సిటీ, హెల్త్ సిటీ, అలా. వీటిని దుబాయ్‌లో పెట్టినా సరిపోతాయి, నాగపూర్‌లో పెట్టినా సరిపోతాయి. ఎక్కడైనా సరిపోయే పేరు ఎక్కడిదీ కాదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, ఇరవై ఊళ్లకు ఒకే డిజైన్ శుభలేఖ అమ్మిన అనుభవంతో అంటున్నాను.

ఆ హెల్త్ సిటీ సంగతే తీసుకోండి. మీ రాజధాని మధ్యలో మందడం పక్కన మల్కాపురం ఉంది. అక్కడ 1261 నాటి రాతి స్తంభం ఉంది. కాకతి గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి తమ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన ఊళ్ల వివరం దాని మీద ఉంది. అందులో మందరం అని ఉన్నది ఈ మందడమే. వెలగపూడి పేరూ ఉంది. అవును, మీరు ఫైళ్లు పట్టుకుని వెళ్లే వెలగపూడే. ఆ రాబడితో గుడి, మఠం, చదువుకునే పిల్లలకు వసతి, అందరికీ అన్నం పెట్టే సత్రం, రోగులకు ఆరోగ్యశాల, కాన్పులకు ప్రసూతిశాల నడపాలని రాశారు. ఏడువందల అరవై ఏళ్ల క్రితం, ఒక ఆడమనిషి పరిపాలనలో, కాన్పుల ఆసుపత్రి. చదువూ వైద్యమూ పక్కపక్కన పెట్టి ఆ ఊరికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టారు. మీ ప్లానులో ఈ నేల మీదే హెల్త్ సిటీ, నాలెడ్జ్ సిటీ వస్తున్నాయి. ఆసుపత్రి ఉన్న వీధికి 'ప్రసూతిశాల వీధి' అని పెడితే ఎంత ఖర్చవుతుంది? ఒక బోర్డు. ఫ్లెక్సీ అయితే అడుగుకు ఇంత అని నేనే చెబుతాను.

ఊళ్ల పేర్లలో ఏముందండీ అంటారేమో. వెలగపూడిలో వెలగ చెట్టు ఉంది, పూడి అంటే ఊరు. నిడమర్రులో నిడుపాటి మర్రి ఉంది. నేలపాడులో పాడు అంటే పాడుబడింది అని కాదు, ఊరని. హైకోర్టు ఉన్నది అక్కడే కాబట్టి వకీళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఐనవోలు, మైదవోలు లాంటి పేర్ల చివరి వోలు పాత ప్రోలు, అంటే పట్నం. లింగాయపాలెం, కొండరాజుపాలెం, అబ్బరాజుపాలెం, ఉద్దండరాయునిపాలెం: ఎవరో ఒక మనిషి నలుగురిని వెంటేసుకొచ్చి పాలెం దించుకున్నాడు, ఆ మనిషి చరిత్రలో లేడు, పేరు మాత్రం రేషన్ కార్డుల మీద ఉంది. 2015 అక్టోబర్ 22న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసింది ఆ ఉద్దండరాయుడి పాలెంలోనే. ఆ రోజు రాష్ట్రంలోని ఊరూరి నుంచి మట్టి, నీళ్లు తెచ్చి పోశారు. ఎక్కడో ఉన్న ఊళ్ల మట్టిని అంత గౌరవంగా తెచ్చినప్పుడు, కాళ్ల కింద ఉన్న ఊళ్ల పేరును నంబరు కింద పూడ్చడం ఏం బాగుంటుంది?

భూములిచ్చిన రైతులు కొందరు నాకు ఖాతాదారులు. ఒకాయన తన ప్లాటు కాగితం తెచ్చి లామినేషన్ చేయించుకున్నాడు. కాగితం మీద ప్లాటు నంబరు, బ్లాకు నంబరు, సెక్టారు నంబరు ఉన్నాయి. "ఇంతకీ ఇది ఏ ఊళ్లో ఉందిరా" అని నన్నే అడిగాడు. ఆయన పొలానికి పేరు ఉండేది. వాళ్ల నాన్న దాన్ని 'చింతచెట్టు చెక్క' అనేవాడట. చెప్పి నవ్వాడు. నేను కాగితం వేడి మిషన్లో పెట్టి తీశాను, ముడత పడకుండా.

అందుకని నేను అడిగేవి ఇవి. ఈ-3, ఎన్-9 లాంటివి ఇంజినీర్ల మ్యాపుల్లో ఉండనివ్వండి, బోర్డు మీదికి మాత్రం ఆ రోడ్డు దాటే ఊళ్ల పేర్లు ఎక్కించండి. వెలగపూడి బజారు, నిడమర్రు రోడ్డు, రాయపూడి రేవు వీధి. రాజకీయ నాయకుల పేర్లు పెట్టాలని ఒత్తిడి వస్తుంది, ఒక ప్రభుత్వం పెడితే ఇంకో ప్రభుత్వం మారుస్తుంది. ఆ మార్పులతో నాలాంటి ప్రెస్సువాడికి లాభమే, బిల్లు పుస్తకాలు మళ్లీ వేయించుకుంటారు. అయినా ఆ లాభం నాకొద్దు. ఊళ్ల పేరును ఏ ప్రభుత్వమూ మార్చమనదు. పొలాల పేర్లు కూడా అడిగి రాసుకోండి. ఆ తరం వాళ్లు ఇంకా ఉన్నారు, అరుగుల మీద కూర్చుని చెబుతారు. ఆలస్యమైతే మెకంజీ రెండోసారి వచ్చినట్టే, చెరువే మిగులుతుంది.

ధాన్యకటకం అన్న పేరును రాజధానిలో ఎక్కడైనా ఒక పెద్ద చోటికి పెట్టండి. ధాన్యం మార్కెట్ యార్డుకైనా ఫర్వాలేదు, నిజానికి దానికే బాగా నప్పుతుంది. టిబెటన్లకు గుర్తున్న పేరు మనకు ఒక్క బోర్డు మీదైనా కనబడాలి కదా.

ఇక మా ఊరి సంగతి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేము పల్నాడు జిల్లాలోకి వెళ్లాం, రాజధాని గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పేరు అక్కడ, ఊరు ఇక్కడ. ఇంగ్లీషులో రాసేటప్పుడు 'టి' పక్కన 'హెచ్' ఉంటే మా ఊరని, లేకపోతే రాజధాని అని ఒక లెక్క చెబుతారు. తెలుగువాడు తన ఊరెక్కడో ఇంగ్లీషు హెచ్ చూసి తెలుసుకోవాలంటే ఏం చెప్పను. తెలుగులో ఆ తేడా కూడా లేదు. కాబట్టి హైవే మీద, విజయవాడ బస్టాండులో, గుంటూరు బస్టాండులో బోర్డులు రెండుగా పెట్టించండి. ఒకటి 'రాజధాని అమరావతి'. ఇంకోటి 'అమరావతి క్షేత్రం'. 'పాత అమరావతి' అనవద్దు. పాత అంటే కొన్నాళ్లకు పారేసేది అని మన ఇళ్లల్లో అర్థం.

పేరు ఒకరిదే కాదు అని నాకూ తెలుసు. మహారాష్ట్రలో ఒక అమరావతి ఉంది. నేటి వియత్నాం మధ్యభాగంలో ఒకప్పటి చంపా రాజ్యంలో అమరావతి అనే ప్రాంతం ఉండేది. ఇంగ్లండులో అమరావతి అనే బౌద్ధ విహారం ఉంది, వాళ్లకు ఆ మాటకు ఇంద్రుడితో పని లేదు, చావులేని స్థితి అని. పాళీ కథల్లో బోధిసత్త్వుడు సుమేధుడిగా పుట్టి పెరిగిన నగరం పేరు కూడా అమరావతే. బ్యాంకాక్ పూర్తి పేరు ఒక పేజీ పొడుగుంటుంది, దాంట్లోనూ 'అమర' ఉంది. ఈ మాట ఎవరికి నచ్చితే వాళ్లు పెట్టుకున్నారు. మీరూ పెట్టుకున్నారు. ఎవరూ మాకు రాయల్టీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

బోర్డులు రాయించేటప్పుడు ప్రూఫు ఒకసారి నాకు పంపండి. మనిషిని పంపినా సరే, వాట్సాప్‌లో పెట్టినా సరే. రా కి దీర్ఘం ఉందో లేదో, మందడంలో డ పక్కన సున్నా పడిందో లేదో, ఉద్దండరాయుడిలో ద కింద ద వత్తు సరిగా వచ్చిందో లేదో చూసి గంటలో తిప్పి పంపుతాను. డబ్బులొద్దు. మా ఆవిడకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని,
ధరణికోట దారి, అమరావతి (గుడి ఉన్న ఊరు), పల్నాడు జిల్లా